గులాబీ పట్టీ

"నాలో ఏం లోపం కనిపించిందండీ మీకు?"

కీబోర్డు మీద అతని వేళ్ళు కొయ్యబారిపోయాయి. మందుల గోదాములో స్టాకు వివరాలు కంప్యూటర్‌లో ఎక్కించే అమ్మాయి, ర్యాకుల చాటున ఉన్న అతని బల్ల ముందు నిలబడి ఉంది. అతను ఈ గోదాముకి సాఫ్ట్‌వేర్ రాయడానికి వచ్చినవాడు. పెదవి విప్పడని అందరూ మౌనిబాబు అంటారు. వచ్చినప్పటి నుంచీ ఆమె ఎదురైతే తల దించుకోవడమే తప్ప పలకరించిన పాపాన పోలేదు.

"లోపమా? నేనేం..."

"తెర మీద అందరి పేర్లూ బూడిద రంగులో ఉన్నాయి. నాదొక్కటే గులాబీ. ఎందుకు?"

అతను గబుక్కున తెర వైపు తిరిగాడు.

ఆ తెర మీద మందుల పట్టిక ఉంటుంది. ఏ కాలమ్‌ని పైకి లాగితే దాని ప్రకారం వరసలన్నీ గుంపులుగా సర్దుకుని, ఒక్కో గుంపు పైన ఒక్కో పేరు పట్టీ వస్తుంది. కంపెనీ, మందు, గడువు... జనం లాగేవి ఇవే. 'ఎక్కించినవారు' అన్న కాలమ్‌ని ఎవరు ముట్టుకుంటారులే అని, ఆమె పేరు పట్టీకి మాత్రం గులాబీ రంగు వచ్చేలా ఒక షరతు రాసుకున్నాడు. తన కంప్యూటర్‌లో తాను చూసుకోవడానికే. తీసేయడం మరిచి అందరికీ పంచేశాడు. ఈ పొద్దున ఎవరో దాన్ని లాగనే లాగారు.

"ఇక్కడ గులాబీ స్టిక్కర్ దేనికి వేస్తారో తెలుసా?" అడిగిందామె. "పాడైన సరుకుకి! పొద్దున్నుంచీ ఒకటే నవ్వులు."

పెట్టె మోస్తూ పోతున్న లోడింగ్ అన్న ఆగాడు. "అదే కదా అంటున్నా చెల్లెమ్మా, నిన్ను కూడా వాపసు లారీ ఎక్కిస్తారని!"

"నువ్వు నోరు మూసుకో అన్నా! రేపట్నుంచి నేను రాను. బాబాయికి చెప్పేశాను."

గోదాము మేనేజరే ఆ బాబాయి. చెప్పులు టపటపలాడించుకుంటూ రానే వచ్చాడు.

"ఏంటయ్యా ఇది? మా పిల్ల తప్పు ఎక్కిస్తే నాకు చెప్పు. ఇలా పదిమందిలో రంగు పూస్తావా?"

మౌనిబాబు నిజం చెబితే తన పని ఉండదు. చెప్పకపోతే ఆమె ఉండదు.

"అది... బగ్ సార్."

"బగ్గా? మరి నాకొక్కదానికే పట్టిందేం?" ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బ్యాగు భుజాన వేసుకుని వెనుదిరిగింది.

"బగ్ కాదు!"

తన గొంతు అంత పెద్దదని అతనికే తెలియదు.

"ఇక్కడ కూర్చుంటే వాకిలి కనబడదు. మీరు స్టాకు ఎక్కించడం మొదలెట్టి, మీ పేరు పట్టీ వస్తేనే మీరు వచ్చినట్టు. గుంపులన్నీ మూసేస్తే పట్టీలన్నీ ఒకేలా ఉంటాయి, వెతుక్కోవాల్సి వస్తోంది. చూడగానే కనబడాలని... నేనే పెట్టుకున్నా."

"నేనొస్తే మీకేంటి, రాకపోతే మీకేంటి?"

"రాకపోతే... నాకు తెల్లారినట్టుండదు."

లోడింగ్ అన్న చేతిలోని పెట్టె దభీమని కింద పడింది. బాబాయి నోరు తెరిచి, మూయడం మరిచిపోయాడు. ఆమె బ్యాగు భుజం మీంచి మోచేతికి జారింది. ఎత్తి వేసుకోవాలన్న ధ్యాసే లేదు.

బాబాయే ముందు తేరుకున్నాడు. "ఒరేయ్, సీసాలు పగిలాయేమో చూడు!" అని లోడింగ్ అన్నని కసిరి, ఇటు తిరిగాడు. "నీకసలు మాటలే రావనుకున్నానే! ఏకంగా ఇంత మాటా? ఏమ్మా, నువ్వేమంటావ్?"

ఆమె కుర్చీ లాక్కుని అతని పక్కన కూర్చుంది.

"ఆ షరతు ఎక్కడ రాశారో తెరవండి."

చెరిపించడానికే అనుకున్నాడు. ఆ లైను తెరిచి, డిలీట్ మీద వేలు పెట్టి ఆగాడు.

"గులాబీ మీద తెల్ల అక్షరాలేంటండీ? చదవబోతే కళ్ళు లాగుతున్నాయి. ముదురు రంగు పెట్టండి."

"అక్షరాలకా?"

"అక్షరాలకే."

"మరి... గులాబీ?"

ఆమె తెర వైపే చూస్తోంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"దాన్ని ముట్టుకున్నారో, నిజంగానే మానేస్తాను."

బాబాయి గొంతు సవరించుకున్నాడు.

"అయితే పాడైన సరుకుకి వేరే రంగు స్టిక్కర్లు తెప్పించాలన్నమాట. అది తర్వాత. ముందు మీ నాన్నగారి ఫోన్ నంబరు చెప్పవయ్యా."