రేవుకే పోయే గుర్రం

హారతికి ఒళ్లు మండిపోయింది. తాడు విసరడం నేర్చుకుందామని గుర్రమెక్కితే, అది మళ్లీ ఆమెను తిన్నగా పడవల రేవుకి తెచ్చి నిలబెట్టింది.

రేవులో గణేష్‌బాబు అరటి గెలలు పడవలోకి అందిస్తున్నాడు. గుర్రం అతనిదే, పేరు బుల్లోడు. గోదారి మధ్యనున్న ఈ లంక ఇసకలో బండి చక్రాలు దిగబడిపోతాయి. తోటల్లో కోసిన గెలలు గుర్రాల మీద రేవుకి చేరి, పడవలో గోదారి దాటి, రావులపాలెం మార్కెట్‌కి వెళ్లాలి.

"మళ్లీ వచ్చారా అండీ? టీ తాగుతారా?" అన్నాడు గణేష్‌బాబు.

"మీ గుర్రానికి బుద్ధి లేదండీ. మీకు అంతకన్నా లేదు."

ఎంత కోపమొచ్చినా గోదారి వాళ్ల నోట్లోంచి ఆ 'అండీ' మాత్రం పోదు. రేవులో ఉన్నవాళ్లంతా నవ్వారు.

కోపం రాదూ మరి? అగ్రికల్చర్ బీఎస్సీ చదివి, తోట నేనే చూసుకుంటానని నాన్న చంద్రరావుగారిని ఒప్పించేసరికి ఆమె తలప్రాణం తోకకొచ్చింది. తీరా చూస్తే, దేవుడికి వదిలిన ఆంబోతొకటి తోటలో పడి అరటి పిలకలు నమిలేస్తోంది. దేవుడి సొత్తు మీద కర్ర ఎత్తకూడదు. తాడేసి పట్టి, పడవెక్కించి, దాని ఊరికి పంపాలి. నడిచి దగ్గరకెళితే కొమ్ము విసురుతుంది. రోజూ చూసే గుర్రాన్ని మాత్రం పట్టించుకోదు. ఈ పంట కూడా పోతే తోట కౌలుకిచ్చేస్తానని, ఆమె ఏదో ఒక ఉద్యోగం చూసుకోవలసిందేనని చంద్రరావుగారు తేల్చేశారు.

అందుకే మొదట్లో గణేష్‌బాబు తన గుర్రమిచ్చి, ఉచ్చు వేయడం చూపించి, ఆమె తోట పక్క ఇసకలో గుంజ పాతి, దాని మీదకి విసరమన్నాడు. మొదట తాడు గుర్రం చెవులకి తగులుకుంది. తరవాత ఆమె భుజానికే చుట్టుకుంది. తీరా చెయ్యి కుదిరి గురిపెట్టేసరికి బుల్లోడు తల తిప్పుకుని రేవు దారి పట్టడం మొదలెట్టాడు. కళ్లెం లాగినా, బతిమాలినా ఆగేవాడు కాదు.

మర్నాడు పొద్దున్న పక్కతోటలో గెలలు ఎత్తుతుంటే హారతి చూసింది. గణేష్‌బాబు రెండువైపులా గెలలు కట్టి, బుల్లోడి తుంటి మీద అరచేత్తో తట్టాడు. గుర్రం ఒంటరిగా రేవుకి బయల్దేరింది. తాడు విసిరేటప్పుడు ఊతం కోసం తను చెయ్యి ఆనించేది సరిగ్గా అక్కడే.

అంటే ఈ సంగతి అతనికి తెలుసు. తెలిసీ చెప్పకుండా, నలుగురూ నవ్వుతుంటే టీ ఇచ్చి కూర్చోబెట్టాడు. హారతికి ముందు ఏడుపొచ్చింది, ఆ తరవాత ఆలోచన వచ్చింది.

బుల్లోడు తిరిగి రాగానే అడిగి తీసుకుంది. ముగ్గిన గెలొకటి జీను వెనక కట్టి, తాడు కొస జీనుకి బిగించి, గుర్రమెక్కి తోటలోకి వెళ్లింది. ఆంబోతు వాసన పట్టి వచ్చి పళ్ల మీద మూతి పెట్టింది. మొదటి ఉచ్చు జారిపోయింది. రెండోది కొమ్ములకి పడింది. వెంటనే హారతి బుల్లోడి తుంటి మీద కసిదీరా తట్టింది.

ఆంబోతు కాళ్లు తన్నిపెట్టి గింజుకుంది. కానీ బుల్లోడు రేవు చేరనిదే ఆగే రకం కాదు, పైగా ఎదురుగా పళ్లున్నాయి. కాసేపటికి ఆంబోతు వెనకే నడిచింది.

ఈసారి రేవులో ఎవరూ నవ్వలేదు. గెలల లోడు చూసుకోడానికి వచ్చిన చంద్రరావుగారు ముందు ఆంబోతుకి దణ్ణం పెట్టి, తరవాత కూతురి వైపు తిరిగారు.

"తోట నీదేనమ్మా" అన్నారు.

హారతి దిగి, తిన్నగా గణేష్‌బాబు ముందుకెళ్లింది.

"అక్కడ తడితే రేవుకొస్తుందని నాకెందుకు చెప్పలేదండీ?"

"చెబితే మీరు రావడం మానేస్తారని."

"ఈలోగా నా తోట పోతే?"

"ఆంబోతుని నేనే పట్టేద్దామనుకున్నానండి."

"నా తోటలో పడ్డదాన్ని పట్టడానికి మీరెవరు?"

"తప్పేనండి" అని తలొంచుకున్నాడతను. "కానీ మీరంటే నాకు ప్రాణం. రోజూ చూడాలనిపించింది."

హారతి మొహం ఎర్రబడింది. అది కోపమేనని అందరూ అనుకోవాలని తాడు అతని చేతిలో విసురుగా పెట్టింది.

"ముందు దీన్ని పడవెక్కించండి. సాయంత్రం మా ఇంటికొచ్చి, ఈ మాట నాన్నగారి ఎదురుగా చెప్పండి. గుర్రం మీద మాత్రం రాకండి. అది మిమ్మల్నీ తెచ్చి ఇక్కడే దింపుతుంది."