తెల్లగుడ్డ వెనకాల కుర్చీ

లీమా నగరంలో తన నీడకు జీతం పుచ్చుకున్న మనిషి ఒక్కడే ఉన్నాడు. అతని పేరు తియోఫిలో. ముప్ఫై ఒక్క ఏళ్ళు టీవీ స్టూడియోలో దీపాలు పట్టాడు. సూర్యుడు సెలవు పెడితే ఆ రోజుకి నేను నెట్టుకొచ్చేస్తానని క్యాంటీన్లో అనేవాడు. నవ్వినవాళ్ళున్నారు గానీ కాదన్నవాడు లేడు.

మధ్యాహ్నం నాలుగింటి కార్యక్రమం అది. మొగుడూ పెళ్ళాలు, తల్లీ కూతుళ్ళు, అన్నదమ్ములు వచ్చి దేశమంతా చూస్తుండగా తిట్టుకుంటారు. మొహం చూపించడానికి భయపడే సాక్షిని తెల్లగుడ్డ వెనకాల కూర్చోబెట్టి, వీపు వెనక పెద్ద దీపం పెడతారు. జనానికి నీడే కనిపిస్తుంది. గొంతు మిషన్‌లోంచి మొద్దుబారి వస్తుంది. సాక్షి రాని రోజున ఆ కుర్చీలో తియోఫిలో కూర్చునేవాడు. అలా ఎనభై మందికి నీడయ్యాడు. విధవరాలయ్యాడు, చర్చి ఫాదర్ అయ్యాడు, ఓసారి నిండు చూలాలు కూడా అయ్యాడు. ఆ నీడను చూసి ఊళ్ళకు ఊళ్ళు ఏడ్చాయి.

ఇప్పుడు మాత్రం మోకాళ్ళు పట్టేస్తున్నాయి. ఎవరు ఎవర్ని తిట్టినా చెవికెక్కడం లేదు. ఇంటికెళ్ళి కాళ్ళు చాపుకుంటే చాలు.

ఆ ఫిబ్రవరి మంగళవారం రొలాందో వచ్చాడు. ఈ తగువులన్నీ పోగేసి తెచ్చే కుర్రాడు అతనే. నోట్లో బబుల్ గమ్ నలుగుతోంది.

"మేస్త్రీ, సాక్ష్యం చెప్పాల్సిన పక్కింటావిడ హ్యాండిచ్చింది. నువ్వు కూర్చోవాలి."

"నేనేం చూశానంట?"

"తల్లి అయిదేళ్ళ కొడుకుని నీళ్ళ డ్రమ్ములో ముంచడం చూశావు. 'అవును, చూశాను' అను. అంతే."

"నిజంగా ముంచిందా?"

"నాకేం తెలుసు? ముంచిందని కూతురంటుంది, వాడే పడ్డాడని తల్లంటుంది. పంతొమ్మిదేళ్ళ కిందటి గొడవ. అవునైతే నీకేంటి, కాదైతే నీకేంటి?"

ఏంటంటే, మేకప్ గదిలో ఒక పిల్ల కూర్చుని ఉంది. పేరు యూలీసా. ఆరేళ్ళుంటాయి, కాళ్ళు నేలకందడం లేదు. దాని తల్లి మార్లేని పని కోసం చిలీ వెళ్ళి, నాలుగేళ్ళు బిడ్డని అమ్మమ్మ యూదోసియా దగ్గర వదిలేసింది. ఇప్పుడొచ్చి, నా తమ్ముణ్ణి చంపిన చేతుల్లో నా బిడ్డనుంచనంటోంది. ముసలమ్మ ఇవ్వనంటోంది. తియోఫిలో అవునంటే ఆ సాయంత్రమే పిల్ల చిలీ బస్సెక్కుతుంది.

"నీకెవరి దగ్గరుండాలనుంది తల్లీ?" అనడిగాడు.

పిల్ల భుజాలెగరేసింది. "అమ్మమ్మ చిక్కుళ్ళు బాగా వండుతుంది. డ్రమ్ము దగ్గరికి మాత్రం పోనివ్వదు. అమ్మ ఎవరో నాకు సరిగ్గా తెలీదు."

నాలుగయింది. తియోఫిలో తన దీపం తనే వెలిగించుకుని కుర్చీలో కూర్చున్నాడు. గుడ్డకి అవతల అప్పటికే మొదలైపోయింది.

"నిన్ను మోసింది ఈ కడుపేనే!"

"వాణ్ణి మోసింది కూడా ఆ కడుపే కదమ్మా!"

"ఆ జుట్టు దువ్వడం నేర్పింది నేను. ఇప్పుడు దాన్నే ఊపుకుంటూ నా మీదికొస్తున్నావా?"

చప్పట్లు. ఈలలు. తియోఫిలోకి ఆవలింత వచ్చింది. వేడెక్కిన దీపం మీద దుమ్ము మాడుతున్న వాసన, రోజూ ఉండేదే. దాని కింద ఇంకో వాసన తగిలింది. ఎండకు కాగిన ప్లాస్టిక్‌లో నిలవున్న నీళ్ళ వాసన. నాచు వాసన.

టప్... టప్...

పైకి చూశాడు. కప్పు పొడిగానే ఉంది. తల దించాడు.

గుడ్డ మీద రెండు నీడలున్నాయి.

ఒకటి తనది. దాని పక్కన ఇంకొకటి, నడుమెత్తు. తనకీ గుడ్డకీ మధ్య ఖాళీ నేల తప్ప ఏమీ లేదు.

"అయ్యా, మీ పక్కన ఎవరున్నారు?" అవతల్నించి కార్యక్రమం నడిపే ఆవిడ గొంతు.

ముప్ఫై ఒక్క ఏళ్ళ పనితనం అతనికి ఒకటి నేర్పింది. గుడ్డకి దగ్గరగా ఉన్నదాని నీడ చిన్నది. దీపం వైపు జరిగేకొద్దీ అది పెరుగుతుంది.

ఆ నీడ పెరుగుతోంది.

అతని భుజమెత్తు అయింది. తలెత్తు అయింది... అంటే వెనక్కి వస్తోంది. తన దగ్గరికి. తన పక్కకి...

ఎడమ మోచెయ్యి తడిసింది.

"చెప్పండి. మీరు కళ్ళారా చూశారా?"

అవును అనాలి. ఒక్క మాట. పెదవి కదల్లేదు. దేవుడి మీద ఒట్టు, కదల్లేదు. కానీ మిషన్‌లోంచి మొద్దు గొంతు హాలంతా నిండింది.

"మూత తియ్యి."

చప్పట్లు ఆగిపోయాయి. ఆ రోజు మూత మాట అప్పటిదాకా ఎవరూ ఎత్తలేదు.

"మూత నేను వెయ్యలేదు." యూదోసియా గొంతు, చాలా నెమ్మదిగా.

"వాణ్ణి డ్రమ్ములో దించి, నువ్వేగా వెయ్యమన్నావు. బుద్ధొచ్చేదాకా తియ్యొద్దన్నావు."

"ఒక్క నిమిషమన్నాను. నువ్వు ఆటకి పోయావు."

"నాకు తొమ్మిదేళ్ళమ్మా..."

గుడ్డ మీద నీడ తియోఫిలో నీడని మింగేసింది. తర్వాత గుడ్డనంతా మింగేసింది. దీపం వెలుగుతూనే ఉంది. దానికి ఆనుకుని ఏదో నిలబడింది... సరిగ్గా అతని మెడ వెనకాల. తడి ఊపిరి.

అతను వెనక్కి తిరగలేదు.

ఎవరో కరెంటు తీసేశారు. తల్లీ కూతుళ్ళు చెరో కుర్చీలో ఒకరి మొహం ఒకరు చూడకుండా కూలబడిపోయారు. పిల్లని ఇద్దరికీ ఇవ్వలేదు. శిశు సంక్షేమం వాళ్ళు వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకుపోయారు. గుమ్మం దగ్గర యూలీసా ఆగి, తియోఫిలో ఎడమ పక్కకి చూసింది.

"వాడికి తువ్వాలు ఇవ్వండి తాతా. వణుకుతున్నాడు."

తియోఫిలో కొండ మీది ఇంటికి చేరేసరికి ఎండ ఇంకా ఉంది. మెట్లు ఎక్కడానికి నాలుగుసార్లు కూర్చోవాల్సొచ్చింది. వాకిట్లో భార్య డ్రమ్ముతో కుస్తీ పడుతోంది.

"ఓ ముసలోడా, నీళ్ళెప్పుడు పట్టించావు? ట్యాంకరు రాక నాలుగు రోజులైంది కదా?"

"పట్టించలేదు. పొద్దున చివరి చెంబుతో గడ్డం గీసుకున్నాను."

"మరి నిండుగా ఉందే. కదలనంటోంది. ఆ రాయి తీసి మూతెత్తు, చెంబు ముంచుకోవాలి."

సూర్యుణ్ణి ఒక రోజు సెలవు మీద పంపగల మనిషి అక్కడే నిలబడిపోయాడు. సాయంత్రపు ఎండకి నేల మీద మూడు నీడలు సాగి ఉన్నాయి. భార్యది, తనది, డ్రమ్ముది.

డ్రమ్ము మూత బిగించే ఉంది. మీద రాయి ఉంది.

నేల మీది నీడలో మాత్రం మూత బెత్తెడు లేచి ఉంది. అంచు మీద చిన్న వేళ్ళు... నాలుగు ఇటు, నాలుగు అటు.

"తియ్యవయ్యా," అంది భార్య.