ఉప్పు వేసిన కాఫీ ఒకటి

"హేమ ప్రాణం ఇప్పుడు నీ చేతిలో ఉంది," అన్నాడు చీఫ్ యుగంధర్.

ఏజెంట్ ఉపేంద్ర ముందున్న ఫైలు తెరిచాడు. విదేశీ ముఠా ముఖాలన్నీ చూసిన ఏకైక సాక్షి హేమ. ఆమెను దాచిన అనకాపల్లి సేఫ్ హౌస్ మీద సోమవారం దాడి. పలాస సేఫ్ హౌస్ మీద బుధవారం. రెండుసార్లూ నిమిషాల తేడాతో తప్పించారు.

"ప్రస్తుతం నౌపడలో, ఉప్పు మడుల పక్క క్వార్టర్స్‌లో ఉంది. మార్చడానికి నాలుగో చోటు లేదు. అడ్రసు ఎలా లీకవుతోందో తెలీదు. ఫోన్లు, మెసేజ్‌లు అన్నీ క్లీన్. పలాసలో వాళ్లు పారేసిన ఈ పేపర్ కప్పు ఒక్కటే క్లూ."

కప్పు మీద పేరుంది: బుజ్జమ్మ కాఫీ షాప్, రాజాం.

శుక్రవారం ఉదయానికి ఉపేంద్ర ఆ షాపు కౌంటర్లో ఉన్నాడు. పెట్టుడు మీసం, నెరిసిన విగ్గు, చొక్కా బొత్తాంలో కెమెరా. బయట టాక్సీలో డ్రైవర్ వేషంలో ధర్మేంద్ర. వచ్చిన ఆర్డరును వంటగదిలోకి వినపడేలా కేకెయ్యడమే ఉపేంద్ర పని.

"అమ్మా, ఈ వారం ఎవరైనా వింత ఆర్డర్లు ఇచ్చారా?"

"ఎందుకివ్వలేదు!" ఓనరు బుజ్జమ్మ మూతి తిప్పింది. "ఒక పిల్ల వస్తాది. నల్ల కళ్లద్దాలు, సెంటు వాసన. ఆదోరం బెల్లం కాఫీ అడిగినాది. మంగలారం జీడిపప్పు పాలు. సేసిస్తే ఒక్క గుక్కా తాగదు. ఏటి బాబూ ఆ సోద్యం?"

ఉపేంద్ర బుర్ర గోక్కున్నాడు. అక్షరాలు లెక్కపెట్టాడు, తిరగేశాడు, అంకెలుగా మార్చాడు. మూడు దేశాల కోడ్‌లు విప్పినవాడికి రెండు గ్లాసులు లొంగలేదు.

"అంతలా ఆలోసిస్తన్నావేటి? బెల్లం అనకాపల్లిది, జీడిపప్పు పలాసది. సంటిపిల్లల్నడిగినా సెప్తారు."

"ఆ రెండూళ్లలోనే దాడులు జరిగాయమ్మా!" అన్నాడు ఉపేంద్ర. ఆర్డరే అడ్రసు! ఆమె మెల్లగా చెబుతుంది, కౌంటరు కేకేస్తుంది, షాపులో కూర్చున్న హంతకుడు వింటాడు. ఒకరి ముఖం ఒకరు చూసుకోనక్కర్లేదు.

తలుపు తెరుచుకుంది. సెంటు వాసన. ఆమె నల్ల కళ్లద్దాలు తీయగానే ఉపేంద్ర గుర్తుపట్టాడు. అర్చన! ముఠా ఆచూకీ తీయడానికి డిపార్ట్‌మెంట్ పెట్టిన సొంత ఏజెంటు. హేమను నౌపడ చేర్చింది ఆమే.

"కాఫీ ఒకటి," అంది మెల్లగా. "ఉప్పు వేసి."

షాపులో ఇరవై మంది ఉన్నారు. చెవులు రిక్కించినవాడు ఎవడు? అర్చనను ఇప్పుడే పట్టుకుంటే వాడు జారిపోతాడు. ఉపేంద్ర గొంతెత్తాడు.

"మామిడితాండ్ర కాఫీ ఒకటీ!"

మామిడితాండ్ర అంటే భీమాలి. అక్కడ డిపార్ట్‌మెంటుకు ఇల్లూ లేదు, వాకిలీ లేదు.

అర్చన ముఖం పాలిపోయింది. మరుక్షణం గట్టిగా నోరు తెరిచింది. "కాదు! నేను చెప్పింది ఉ..."

గుర్ర్‌ర్! బుజ్జమ్మ ఖాళీ జార్ పెట్టి మిక్సీ ఆన్ చేసింది. అర్చన పెదాలు కదులుతున్నాయి, మాట మాత్రం ఎవరికీ చేరలేదు. మూల టేబుల్ దగ్గర టీ సగంలో వదిలేసి ఒక బట్టతల మనిషి లేచాడు. తిన్నగా బయటికి నడిచి టాక్సీ ఎక్కాడు.

"భీమాలి. తొందరగా!"

"అలాగే సార్," అంటూ ధర్మేంద్ర డోర్లు లాక్ చేశాడు.

అర్చన చేతులకు బేడీలు పడ్డాకే మిక్సీ ఆగింది. హేమ బతికింది. ఉపేంద్ర విగ్గు తీసి స్టూలు మీద కూర్చున్నాడు.

"మిక్సీ ఎందుకు వేశావమ్మా?"

"ఉప్పంటే నౌపడే కదేటి! మా కన్నోరూరది. దాని మీదికెల్తానంటే సూస్తూ ఊరుకుంతానా?" అని బుజ్జమ్మ పొగలు కక్కుతున్న గ్లాసొకటి ముందు పెట్టింది. "అది సరేగానీ బాబూ, నువ్వు కేకేసిన తాండ్ర కాఫీ లోపల సేసీసినారు. ఇప్పుడిది ఎవులు తాగుతారు?"

ఉపేంద్ర ఆ గ్లాసు వంక చూశాడు. ముఠా మనిషి దొరికాడు గానీ, ఈ మిషన్‌లో అసలు ప్రమాదం ఇంకా మిగిలే ఉంది.