ఒక్కసారి చెబితే చాలు

జల్లెడ పని మొదలుపెట్టింది. గోడ మీది తెరపై నీలం పట్టీ కుంచించుకుపోతుంటే ముందు వరుసలోని పెద్దలు కన్నార్పకుండా చూస్తున్నారు. యూనివర్సిటీ డిజిటల్ ఆర్కైవ్ ఎంత జాగా తింటోందో చూపించే పట్టీ అది. వేదిక మీద డాక్టర్ హైమవతి చేతులు కట్టుకుని నిలబడింది. పండగా పబ్బమూ మానుకుని ఏళ్ల తరబడి ఆమె తయారుచేసిన యంత్రమే ఈ జల్లెడ.

ఆ ఆర్కైవ్‌లో లేనిదంటూ లేదు. థీసిస్‌లు, ప్రొఫెసర్ల డైరీలు, హాస్టల్ పత్రికల్లో ప్రేమకవితలు, సంతాపసభల ప్రసంగాలు, ఒక కెమిస్ట్రీ లెక్చరర్ రిటైరయ్యాక రాసుకున్న పచ్చళ్ల పుస్తకం. కాగితాలు ఎప్పుడో పల్పు మిల్లుకు వెళ్లిపోయాయి. ఇక సర్వర్లే దిక్కు. వాటిని చల్లబరచడానికి ఒక పేట జనం తాగేటన్ని నీళ్లు పడుతున్నాయి. కుళాయిలు ఎండిపోతుంటే పుస్తకాలకు నీళ్లెందుకని ఊళ్లో గొడవలయ్యాయి. అందుకే జల్లెడ పుట్టింది.

అది అక్షరాలను చూడదు, అర్థాన్ని చూస్తుంది. ప్రతి రచననూ చిన్నచిన్న భావాలుగా విడగొట్టి, ఆ భావం ముందే ఉందేమో వెతుకుతుంది. కొత్తదైతే పచ్చదీపం వెలిగించి దాచుకుంటుంది. కాకపోతే ఎర్రదీపం వెలిగించి, 'ఇదివరకే ఉంది' అని చూపి శాశ్వతంగా చెరిపేస్తుంది. ఎవరు చెప్పారన్నది దానికి అక్కర్లేదు.

"ప్రేమకవితలు ఎన్ని మిగిలాయమ్మా?" వైస్ ఛాన్సలర్ అడిగాడు.

"నాలుగు సార్."

"అయితే మా ఆవిడకు నేను రాసినవి పోయినట్టే. పోతే పోయాయి, ఆవిడ ఎలాగూ చదవలేదు."

హాలంతా నవ్వింది. ఆ ఊపులో హైమవతి ఇంకో కట్ట తెరిచి చూపించింది. నల్లగుట్టపల్లెలో సోషల్ వర్క్ విద్యార్థులు ఏటా ఇంటింటికీ తిరిగి రాసుకొచ్చిన సర్వే. ప్రతి ఇంట్లోనూ ఒకటే మాట: రంగుల ఫ్యాక్టరీ వచ్చాక బోరునీళ్లు తాగి కీళ్లు పట్టేశాయి.

"చూడండి, ఒకే మాటకు ఎన్ని వందల పేజీలో! నిజం ఒక్కసారి చెబితే చాలు" అంటూ మీట నొక్కింది. వందల పేజీలు ఒక్క పేజీ అయ్యాయి. చప్పట్లు మోగాయి. 'విలువైనదేదీ పోలేదు' అని సర్టిఫికెట్ రాసి, ఆమె ఆ సాయంత్రమే సంతకం పెట్టింది. ప్రభుత్వం ప్రతి ఆఫీసుకూ ఒక జల్లెడ కొన్నది.

రెండేళ్ల తర్వాత నల్లగుట్టపల్లె నుంచి ఓబులమ్మ వచ్చింది. నడివయసు మనిషి, చంకలో కర్ర. ట్రిబ్యునల్‌లో ఫ్యాక్టరీ మీద కేసు నడుస్తోంది. ఊరు ఓడిపోతే ఫ్యాక్టరీ మురుగు వదలడానికి ఇంకో బోరు వేస్తుంది. ఉన్న ఒక్క మంచినీళ్ల బావీ చెడుతుంది.

"మేమంతా కూడబలుక్కుని అబద్ధాలు చెప్తాండామంట మేడం. కేసు ఎయ్యకముందు చెప్పిన మాటలు కావాలంట. మీ పిల్లోళ్లు రాసుకపోయినారు గదా, అవి ఇప్పించండి."

హైమవతి వెతికింది. మిగిలిన ఒక్క పేజీ తెర మీదికి వచ్చింది. చెప్పినవారు: గోవిందప్ప.

ఓబులమ్మ కర్ర బల్లకు ఆనించి తెర దగ్గరికి వంగింది. "గోవిందప్పకు పుట్టుకతోనే కాలు వంకర మేడం, ఆయప్ప మాట చెల్లదు. మా నాయన మాట ఏమాయ? సుభానమ్మది?"

"అందరూ ఒకే మాట చెప్పారమ్మా. అందుకని యంత్రం..."

"ఒకే మాట గాక ఇంకేం చెప్తారు? అందరం తాగింది ఆ నీళ్లే గదా!"

సర్వర్లు తాగే నీళ్లు జనానికి మిగిల్చానని గర్వపడిన మనిషి హైమవతి. ఆ రాత్రే తనే వచ్చి సాక్ష్యం చెబుతానని కబురు పంపింది.

ట్రిబ్యునల్ హాల్లో అధికారి పక్కన జల్లెడ ఉంది. ఒకే మాట మళ్లీ మళ్లీ రికార్డు చేస్తూ కాలం వృథా చెయ్యకూడదని పెట్టారట.

"ఆ సర్వే నేను కళ్లారా చూశాను. ఊరంతా చెప్పిన మాటను నా యంత్రమే చెరిపేసింది" అంది హైమవతి. పచ్చదీపం వెలిగింది.

కంపెనీ వకీలు కాగితం చూపించాడు. "విలువైనదేదీ పోలేదు. ఈ సంతకం తమరిదేనా?"

"నాదే. అది తప్పు."

"అప్పుడు తప్పా, ఇప్పుడు తప్పా మేడం?"

ఆమె దిగివచ్చింది. ఓబులమ్మ బోనెక్కి తన కీళ్ల సంగతి చెప్పింది. పచ్చదీపం. ఆమె వెనక ఊరు ఊరంతా వరుస కట్టింది. రెండో మనిషికి ఎర్రదీపం. మూడో మనిషికీ ఎర్రదీపమే. నోరు తెరిచినవాళ్లను తెరిచినట్టే దింపేస్తున్నారు.

"దయచేసి దాన్ని ఆపండి" అంది హైమవతి.

"మీ యంత్రమే కదా మేడం! నిజం ఒక్కసారి చెబితే చాలని మీరన్నదేగా?" అన్నాడు అధికారి మర్యాదగానే.

వరుసలో సుభానమ్మ ఇదంతా చూస్తోంది. డెబ్బై ఏళ్లు దాటిన మనిషి. ఆ నీళ్లకు కొడుకును పోగొట్టుకుంది, వేళ్లు వంకర్లు పోయాయి. ఎర్రదీపం వెలిగితే తన మాట ఉండదని ఆమెకు అర్థమైపోయింది. బోనెక్కి, హైమవతి వైపు ఒకసారి చూసి, గట్టిగా చెప్పింది.

"ఆ నీళ్లు తాగి నా రెండు కండ్లూ పోయినాయి సామీ!"

పచ్చదీపం వెలిగింది. వరుసలో అందరి ముఖాలూ వికసించాయి. హైమవతి మాత్రం వకీలు వైపు చూసింది.

వకీలు తీరిగ్గా లేచాడు. "అయ్యో, అలాగా అవ్వా! ఆ గోడ గడియారంలో టైమెంతయింది?"

అబద్ధం అలవాటు లేని మనిషి. అడిగిందే తడవుగా తలెత్తి చూసింది.

"పన్నెండుకు ఇంగా రోంత తక్కువుండాది నాయనా."

ఆ మాట కూడా కొత్తదే. జల్లెడ పచ్చదీపం వెలిగించి, దాన్ని భద్రంగా దాచుకుంది.