బాయింటి మూలుగు

అయిజ ఊర్ల పాత సంతబజారు వెనక, సందు చివర ఒక ఇల్లున్నది. బాయిల్లు అంటరు. ఇంటెనక బాయిల ఎవరో పడి సచ్చిన్రట. ఎవరంటే ఒక్కొక్కలు ఒక్కో పేరు చెప్తరు. ఒక్క మాట మాత్రం అందరిదీ ఒక్కటే... రాత్రి పది దాటితే ఆ బాయి మూలుగుతది. అది మూలిగితే ఇంట్ల కరెంటు బుగ్గల వెలుగు సన్నగైతది. మూడేండ్లల నలుగురు కిరాయికొచ్చిన్రు. నలుగురూ సామాను సదురుకొని పోయిన్రు.

పావని అయిదోది.

తల్లి తిరుపతమ్మ వలస కూలికి పోయి ఆమెను చదివించింది. ఒక దవాఖానకు ఫోన్లు ఎత్తే పని దొరికింది. ఇంట్లనే కూసోని రాత్రంతా రోగులతోని మాట్లాడాలె. వాళ్ల పల్లెకు నెట్టు లైన్ లేకపాయె, అందుకని అయిజకొచ్చిన్రు. తొమ్మిదిండ్లు అడిగిన్రు. తొమ్మిదిండ్లలనూ ఒకటే మాట... "మీరు ఏమోళ్లు? ఏం కులం?" జవాబు విన్నంక ఏ ఇల్లూ ఖాళీ లేకుండె.

బాయింటి ఓనరు వనపర్తిల ఉంటడు. ఫోన్ల ఏమడగలే.

"దయ్యముందంట బిడ్డా..." తిరుపతమ్మ జంకింది.

"మనుషులే వద్దన్నరు. దయ్యం ఇంకా వద్దనలే గద!" అన్నది పావని.

ఎదురింటి పెద్దమనిషి మాసయ్య మొదటి దినమే వచ్చి, గేటు బయటనే నిలబడి చెప్పిండు. "రాత్రి తలుపు తియ్యకున్రి. బాయి దిక్కు పోవద్దు. ఆ నీళ్లు మీరు ముట్టనే వద్దు."

నాలుగో రాత్రి... పదీ పది. ఫోన్ల ఎవరో ముసలామె కడుపునొప్పి అని చెప్తున్నది. బుగ్గ సన్నగైంది. ఇంటెనక, నేల కిందికెల్లి —

హూఁ...మ్మ్...

గోడకున్న రౌటర్ల పచ్చ లైట్లన్నీ ఒక్కసారే ఆరిపోయినయి. జరసేపటికి ఎర్రది ఒక్కటే వెలిగింది. ముసలామె గొంతు నడుమనే తెగిపోయింది.

తెల్లారి రాత్రీ గంతే. ఆ మర్నాడూ గంతే.

నెట్టు పని చేసే నాగేశ్ వచ్చిండు. వైరు మార్చిండు. అడాప్టర్ మార్చిండు. రౌటర్ని ఇనుప బీరువ పక్కకెల్లి తీసి కిటికీ కాడ పెట్టిండు. "పగలు బాగనే ఉన్నదక్కా. రాత్రొచ్చి చూడుమంటే మాత్రం... నాతోని గాదు" అని బండి తీసిండు.

దవాఖానోళ్లు తేల్చి చెప్పిన్రు. ఇంకొక్కసారి లైన్ తెగితే పని లేదు.

తిరుపతమ్మ సంచులు తీసింది. "పోదాం బిడ్డా..."

"ఏడికి? పదో ఇంటికా?"

ఆ రాత్రి పావని గంట పర్మిషన్ అడిగి, రౌటర్ ముంగట కుర్చీ ఏసుకొని కూసున్నది. పది దాటింది... మూలుగు లేచింది. ముందు బుగ్గ సన్నగైంది. ఆ తర్వాతనే రౌటర్ ఆరింది. చార్జింగున్న లాప్‌టాప్‌కు మాత్రం ఏం కాలే.

పోతున్నది నెట్టు కాదు... కరెంటు! వోల్టేజి పడిపోంగనే రౌటర్ బందయి, మల్ల మొదటికెల్లి ఆన్ అయితున్నది. దయ్యానికి వోల్టేజితోని ఏం పని?

ఫోన్ లైటేసి వెనక తలుపు గడియ తీసింది. తల్లి చెయ్యి పట్టుకున్నది.

"వద్దే... నీ కాళ్లు మొక్కుత..."

"దయ్యమైతే పేరడిగొస్త. ఇడువు."

బయట గాలి లేదు. మూలుగు అరికాళ్లకు తగులుతున్నది. వంగి చూసింది — గడ్డి కింద పైపు వణుకుతున్నది. పైపు పొంటి నల్ల వైరు. ఒక కొస బాయిలకు దిగింది. ఇంకో కొస గోడెక్కి... ఆమె మీటరు కిందికే పోయింది.

అప్పుడే, గోడవతల మిరపమడిల తెల్లగ ఏదో లేచింది. వంగింది. మల్ల లేచింది...

పావని ఒక అడుగు వెనక్కేసింది. అయినా లైటు దించలే.

"ఎవర్రా అది!"

తెల్లది ఆగిపోయింది. మోకాళ్ల మీదికి ఎగగట్టిన ధోతి. చేతిల పార. మొఖం మీద లైటు పడింది...

మాసయ్య!

"మెల్లగ బిడ్డా... మెల్లగ..." గుసగుసలాడిండు. "నా మడి ఎండుతున్నదని..."

"నన్ను ముట్టొద్దన్న నీళ్లు తోడెతందుకు," పావని గొంతు సందు చివరిదాంక పోయింది, "నా ఇంటి కరెంటు పనికొచ్చిందా తాతా?"

"అరువకమ్మా... పరువు పోతది..."

"ఇంకా గట్టిగ అరుస్త! వచ్చి నీ చేతులతోనే గుంజు ఆ వైరు!"

తలుపులు తెరుచుకున్నయి. లైట్లు వెలిగినయి. సందంతా చూస్తుండంగ మాసయ్య బాయిలున్న మోటరు బంద్ చేసి వైరు గుంజిండు. మూలుగు ఆగింది. ఆ రాత్రి పావని తెల్లారేదాంక ఫోన్లు ఎత్తింది. ఒక్కటి తెగలే.

పొద్దున మాసయ్య మల్ల గేటు బయట నిలబడ్డడు. నెత్తి మీద రుమాలు తీసి చేతిల పట్టుకున్నడు.

"ఓనరును అడిగిన. కరెంటు నా మీటరుకెల్లి పెట్టుకుంట. దినం విడిచి దినం, పగటిపూట... నువ్వు ఊ అంటే నీళ్లిస్తనన్నడు."

"ఊ అంట. కాని గేటు కాడికెల్లి కాదు. లోపలికొచ్చి కూసో. మా అమ్మ చాయ పోస్తది. తాగి అడుగు."

ఆయన రుమాలు మల్ల నెత్తికి చుట్టుకున్నడు. మర్లిపోయిండు.

మూడు దినాలైంది. నాలుగో దినం మిరపాకు వాడి వేలాడింది. పొద్దుగూకే యాళ్లకు గేటు చప్పుడైంది. మాసయ్య చెప్పులిడిచి, గడప దాటి, చాప మీద కూసున్నడు. తిరుపతమ్మ గిలాస చేతికిచ్చింది. మాసయ్య గిలాస దిక్కు చూసి, గడప దిక్కు చూసిండు. తలుపు కాడ నిలబడి పావని చూస్తనే ఉన్నది.

కండ్లు మూసుకొని, మొత్తం తాగిండు.