నెమలి ఇచ్చిన గొడుగు

పదకొండేళ్లుగా అతనికి ఒకటే సందేహం. ఆమె ఆ గొడుగు ఇచ్చింది వాన కోసమా, తూటా కోసమా?

ఆ రోజు ఎదుటి డాబా మీద ఒకడు తుపాకీతో అతని కోసం కాచుకుని ఉన్నాడు. గొడుగు చాటున మొహం దాగి బతికిపోయాడు. ఇచ్చినావిడ కోడ్ నేమ్ నెమలి. అటు విదేశీ ముఠాకీ, ఇటు అతని గూఢచారి డిపార్ట్‌మెంట్‌కీ పనిచేసిన డబుల్ ఏజెంట్. మళ్లీ కనబడలేదు. రోజూ పొద్దున్నే దేవుణ్ణి అడిగేవాడు. ఆయన ఉలకలేదు, పలకలేదు. అడగడానికి ఇంట్లో మరో మనిషి లేడు. ఎండైనా వానైనా చేతిలో అదే గొడుగు. ఆఫీసులో అతని పేరు గొడుగాయన.

"అందులో ఏముందోయ్, కెమెరానా?" అన్నాడు చీఫ్.

"గొడుగే, సార్."

బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో ముగిసింది. క్యాన్సర్‌కి కొత్త మందు. కణితిని వెతుక్కుంటూ వెళ్లి, అక్కడ డాక్టర్ పెట్టే ప్రత్యేకమైన లైటు తగిలాకే పనిచేస్తుంది. సీసాలోంచి తీశాక ఎండ పడిందా, ఇక పనికిరాదు. పదకొండు గంటలకు ముఠా దాన్ని కాజేస్తుందని కబురు. వాళ్ల చేతిలో పడితే బీదవాడికి ఇక అందదు.

గొడుగాయన లైట్ల మెకానిక్ వేషంలో, చేతిలో గొడుగుతోనే, మందున్న ఆస్పత్రి చీకటి గదిలోకి వెళ్లాడు. కిటికీలకు నల్ల తెరలు, మూలన ఎర్ర బల్బు. మంచం మీద నెమలి. జుట్టు లేదు. కళ్లు మాత్రం అవే.

"ఈసారి వేషం కాదులే," అందామె. "మందెక్కించారు. డాక్టర్ వచ్చి లైటు పెట్టాలి. కబురు పంపింది నేనే. మగ నర్సు వాళ్ల మనిషి."

అంతలో నర్సు వచ్చాడు. ఫ్రిజ్‌లోని సీసా తీసి, మందంతా సిరంజిలోకి లాగాడు. మెకానిక్ చూపు నచ్చలేదు కాబోలు, పిస్టల్ తీశాడు.

"కదిలావో, ముందు ఆమె."

తెర తాడు గొడుగాయనకు జానెడు దూరంలో ఉంది. లాగితే ఎండ పడి సిరంజిలో మందు పాడవుతుంది. కానీ అదే మందు ఆమె ఒంట్లోనూ ఉంది, ఎండకు చర్మం కాలిపోతుంది. గొడుగు ఆమె మీద టప్పున విచ్చుకుంది. మరుక్షణం తెర లేచింది. వెలుగుకు కళ్లు మూసుకున్న నర్సు పేల్చిన తూటా సీలింగ్‌లో దిగింది. రెండోది పేలేలోపు పిస్టల్ గొడుగాయన చేతిలో ఉంది.

డాక్టర్ వచ్చి తెరలు దించి వైద్యం పూర్తిచేసింది. నెల రోజులు ఎండ తగలకూడదంది. గొడుగాయన గొడుగు మడిచి నెమలి చేతిలో పెట్టాడు.

"ఆ రోజు వాన కోసమే ఇచ్చావా?"

"డాబా మీద ఉన్నవాడికి తెలిసింది నీ మొహం ఒక్కటే." ఆమె గొడుగు తిప్పి చూసుకుంది. "ఊచ ఒకటి వంచావు."

బయట ఎండ మండిపోతోంది. రేపటి నుంచి ఆఫీసులో తనని ఏమని పిలుస్తారో అనుకుంటూ, ఖాళీ చేతులు జేబుల్లో పెట్టుకుని నడిచాడు.