ఏ యాప్‌లో ఉంది ఆ ముఖం?

తుపాకీ చప్పుడు ఎవరికీ వినిపించలేదు. సైలెన్సర్ ఉంది.

కేఫ్ ముందు బెంచీ మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళ బొమ్మలు గీసే మనిషి ఉన్నట్టుండి పక్కకి ఒరిగిపోయాడు. ఎండకి కళ్ళు తిరిగాయనుకున్నారు జనం. నేల మీద రక్తం పారాక గానీ కేకలు మొదలు కాలేదు.

ఆ కేకల్ని తోసుకుంటూ పరుగెత్తుకొచ్చినవాడిని సీక్రెట్ సర్వీసులో అందరూ 'గడియారం' అంటారు. ఏ పనికీ ఆలస్యంగా రాడని ఆ పేరు. ఇవాళ మాత్రం వచ్చాడు. పడిపోయిన మనిషి అతని చెల్లెలి భర్త.

"బావా! బావా, నేనే. కళ్ళు తెరువు."

బావ ఎడమ భుజం తడిసి ముద్దయింది. కుడిచేత్తో టాబ్లెట్‌ని గుండెకి అదుముకుని ఉన్నాడు.

"వచ్చాడు..." అన్నాడు. "మూల టేబుల్ దగ్గర. వాడి ముఖం గీశాను. సేవ్ చేశా."

"ఎక్కడ? ఏ యాప్‌లో?"

బావ పెదవులు కదిలాయి. మాట రాలేదు. కళ్ళు మూతలుపడ్డాయి.

అంబులెన్స్ తలుపు మూసుకున్నాక చూసుకుంటే గడియారం చేతిలో మిగిలింది ఆ టాబ్లెట్ ఒక్కటే. దాని అద్దం మీద బావ వేలిముద్రలు ఎర్రగా అంటుకుని ఉన్నాయి. అతను వాటిని తుడవలేకపోయాడు.

ఆ మూల టేబుల్ మీద కన్నేసి ఉంచమని బావని అడిగింది తనే. "ఒక్క బొమ్మ బావా, అంతే. నువ్వు రోజూ చేసే పనే" అని నవ్వుతూ చెప్పాడు. ఆ మనిషి విదేశీ ముఠా పంపిన కిరాయి హంతకుడని, వాడి రహస్య నామం 'దర్జీ' అని, వాడి ముఖం చూసి బతికినవాళ్ళు లేరని చెప్పలేదు.

* * *

సర్వీసు చీఫ్‌ని అందరూ పెద్దాయన అనే పిలుస్తారు. ఆయన బ్రీఫింగ్ ఎప్పుడూ పొడిపొడిగానే ఉంటుంది.

"టార్గెట్ మన రాడార్ శాస్త్రవేత్త. రేపు మధ్యాహ్నం యూనివర్సిటీ ఆడిటోరియంలో ఆవిడ ప్రసంగం. దర్జీ ఊళ్ళోకి దిగాడు. వాడెలా ఉంటాడో మనకి తెలీదు. ముఖం దొరక్కపోతే సభ రద్దు చేయాల్సిందే. రద్దయితే వాడు మళ్ళీ ఏ మూల నుంచి వస్తాడో ఆ దేవుడికే తెలియాలి."

"ముఖం ఇందులోనే ఉంది సర్" అన్నాడు గడియారం, టాబ్లెట్ బల్ల మీద పెట్టి.

పాస్‌కోడ్ అతనికి తెలుసు. మేనకోడలి పుట్టినరోజు. తెరవడం వరకూ తేలికే. ఆ తర్వాతే అడవిలో పడ్డట్టయింది. ఫొటోల గ్యాలరీలో పాప ఫొటోలు తప్ప ఇంకేం లేవు. డౌన్‌లోడ్స్‌లో కరెంటు బిల్లులు. బొమ్మలు గీసే యాప్ తెరిస్తే సగం గీసి వదిలేసిన చెట్లు, పిల్లులు, ముసలివాళ్ళు గుట్టలు గుట్టలుగా ఉన్నాయి. ఒక్కదానికీ పేరు లేదు. అన్నీ 'అన్‌టైటిల్డ్'. ఏ యాప్‌లో గీసింది ఆ యాప్ తన పొట్టలోనే దాచుకుంటోంది. ఒకదానిలో ఉన్నది ఇంకోదానికి తెలియదు. ఆపరేషన్ థియేటర్ బయట చెల్లెలు ఒంటరిగా కూర్చుని ఉంది. అతను ఇక్కడ పిల్లుల బొమ్మలు తిప్పుతున్నాడు.

"ఇలా ఇవ్వండి" అంది ఒక తియ్యటి గొంతు.

సీతాకోక. ఆ గదిలోకి ఆవిడ వస్తే ఫ్యాన్ గాలి కూడా మెల్లగా వీచినట్టుంటుంది. పట్టు స్కార్ఫ్, చెవులకి ముత్యాలు, మూడు భాషల్లో నవ్వగల పెదవులు. ముఠాలో చేరి, వాళ్ళ రహస్యాలు మనకి అందిస్తున్న డబుల్ ఏజెంట్. అలాగని పెద్దాయన నమ్మకం.

"మీ మనసు ఇక్కడ లేదు. మీరు హాస్పిటల్‌కి వెళ్ళండి. ఫైళ్ళు వెతకడం నాకు అలవాటే" అంది.

ఆ మాటలో దయ వినిపించింది. గడియారం టాబ్లెట్ ఇచ్చేశాడు.

పొద్దున్నే ఆవిడ నుంచి కబురు. దొరికింది! 'ఫైల్స్' ఫోల్డర్‌లో, ఎక్స్‌పోర్ట్ చేసిన బొమ్మ. గుబురు మీసం, వెడల్పాటి నుదురు, ఎడమ కనుబొమ మీద మచ్చ. పోల్చుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. శాస్త్రవేత్త దగ్గర ఏళ్ళ తరబడి పనిచేస్తున్న కారు డ్రైవరు! మధ్యాహ్నం కాకముందే అతన్ని ఇంటి దగ్గరే పట్టుకున్నారు. "నేనేం చేశాను బాబూ?" అని ఏడుస్తున్నవాడిని జీపులో పడేశారు.

"సభ జరుగుతుంది" అన్నాడు పెద్దాయన, ఊపిరి పీల్చుకుని.

* * *

ఐసీయూ బయట చెల్లెలు గోడకి ఆనుకుని నిలబడి ఉంది. కాలేజీలో ఫిజిక్స్ చెప్పే మనిషి. క్లాసులో ఆమె గొంతు వరండా చివరిదాకా వినబడుతుందంటారు. ఇవాళ గుసగుసలాగా ఉంది.

"ప్రాణానికి భయం లేదన్నారు. చెయ్యి సంగతి ఇప్పుడే చెప్పలేమన్నారు." ఆగింది. "అన్నయ్యా, బొమ్మలు గీసుకునేవాడిని ఎవరు కాలుస్తారు? ఎందుకు కాలుస్తారు?"

అతను తల వంచుకున్నాడు. అబద్ధం చెప్పడం వృత్తి. ఈ ఒక్క మనిషి దగ్గర నాలుక తిరగలేదు. ఉన్నదంతా చెప్పేశాడు.

చెల్లెలు చెయ్యి చాపింది. "ఏదీ, చూపించు. దేనికోసం ఆయన ప్రాణం మీదకి తెచ్చావో చూస్తాను."

పనైపోయిందని సీతాకోక తిరిగిచ్చేసిన టాబ్లెట్‌ని అతను ఆమెకి ఇచ్చేద్దామని తెచ్చాడు. అందులో ఆ బొమ్మ తెరిచాడు.

ఆమె ఒక్క చూపు చూసింది. "ఇది ఆయన గీసింది కాదు."

"అదేంటమ్మా? బావ టాబ్లెట్‌లోదే."

"టాబ్లెట్ ఆయనదే. గీత ఆయనది కాదు. మీ బావది ఎడమచెయ్యి. నీడ వేసేటప్పుడు ఆయన గీతలు ఎడమ పైనుంచి కుడి కిందకి జారతాయి. ఈ గీతలన్నీ కుడి నుంచి ఎడమకి పడ్డాయి చూడు. ఇది కుడిచేతివాళ్ళ పని."

గడియారం ఫైల్ వివరాలు తెరిచాడు. తయారైన సమయం ఇవాళ తెల్లవారుజామున. అప్పుడు బావ ఐసీయూలో స్పృహ లేకుండా ఉన్నాడు. టాబ్లెట్ సీతాకోక దగ్గర ఉంది.

ఒక్కసారిగా అంతా అర్థమైంది. బొమ్మ దొరకలేదంటే సభ రద్దవుతుంది. ఎవడో ఒకడి ముఖం దొరికితే అందరూ నిశ్చింతగా ఉంటారు. కాపలా సడలుతుంది. అసలువాడు దర్జాగా లోపలికి నడిచొస్తాడు.

వెంటనే పెద్దాయనకి ఫోన్ చేశాడు. అందలేదు. ఆడిటోరియంలో జామర్లు పెట్టించారు. పెట్టించింది సీతాకోకే. కంట్రోల్ రూమ్‌కి చేశాడు.

"కిటికీ తెరిచే ఉంది" అని కోడ్‌వర్డ్ చెప్పాడు.

"సారీ సర్. పొద్దున్న కోడ్ మారింది. సీతాకోక మేడమ్ ఆర్డర్. పాత కోడ్ మీద మేం ఏ మెసేజీ తీసుకోకూడదు." లైన్ కట్ అయింది.

ఉత్త చేతులతో పరుగెత్తి లాభం లేదు. సభ నిండా జనం. అందులో ఎవరిని పట్టుకోవాలి? అసలు బొమ్మ కావాలి. బొమ్మల యాప్ తెరిచాడు. నిన్న ఉన్న గుట్టలు లేవు. మొత్తం ఖాళీ. చెత్తబుట్ట కూడా ఊడ్చేసి ఉంది. క్లౌడ్ బ్యాకప్ చూశాడు. బావ దాన్ని ఎప్పుడూ ఆన్ చేసుకోలేదు.

"అన్నీ తుడిచేసింది" అన్నాడు.

"ఆగు." చెల్లెలు టాబ్లెట్ లాక్కుంది. "దీని గురించి ఇంట్లో రోజూ యుద్ధమే. ఆయనకి ఏది ముందు తెరుచుకుంటే అందులో గీసేయడం అలవాటు. తీరిక దొరికాక దాన్ని కాపీ చేసి బొమ్మల యాప్‌లోకి తీసుకెళ్ళి మెరుగులు దిద్దుతారు. మొదట గీసింది మొదటిచోటే పడి ఉంటుంది. ఎన్నిసార్లు చెప్పానో, ఒక పద్ధతి పెట్టుకోండి, పేరు పెట్టుకోండి, ఒకేచోట దాచుకోండి అని! పాప లెక్కల మధ్యలో ఎవరెవరి ముక్కులో, చెవులో కనబడుతుంటాయి."

స్క్రీన్ మీద చివరి వరుసలో ఏనుగు పిల్ల బొమ్మ ఉన్న యాప్ ఒకటుంది. పాప హోంవర్క్ రాసుకునేది. గడియారం దాన్ని నిన్న చూసి కూడా వేలు పెట్టలేదు. సీతాకోకా పెట్టలేదు.

చెల్లెలు ఎక్కాల పేజీలు తిప్పింది. తీసివేతలు. వంకర అక్షరాల వ్యాసం. దాని వెనక పేజీ తిప్పగానే ఆమె చెయ్యి ఆగిపోయింది.

సన్నటి ముఖం. లోపలికి పోయిన బుగ్గలు. ఒక చెవి తమ్మె చీలి ఉంది. పక్కనే చిన్నగా, టేబుల్ మీద వాడు తిప్పి తిప్పి చూసుకున్న వస్తువు కూడా గీశాడు బావ. చొక్కాకి తగిలించే కాలర్ మైకు. దాని క్లిప్పు కొసన సూది.

నీడ గీతలన్నీ ఎడమ నుంచి కుడికి జారుతున్నాయి.

చెల్లెలు కళ్ళలో అప్పటిదాకా ఆగిన నీళ్ళు టపటపా స్క్రీన్ మీద రాలాయి. కొంగుతో తుడిచి, బ్యాగులోంచి స్కూటర్ తాళం తీసి అతని చేతిలో పెట్టింది.

"వెళ్ళు. ఆ శాస్త్రవేత్తకి కూడా ఇంట్లో ఎవరో ఒకరు ఉంటారుగా."

* * *

ఆడిటోరియం గేటు దగ్గర అతని పాస్ పనిచేయలేదు. అదీ సీతాకోక చలవే. గడియారం వాదించలేదు. హాస్పిటల్ వరండాలో కొక్కేనికి వేలాడుతుంటే లాక్కొచ్చిన తెల్లకోటు తొడుక్కుని, జేబులో దొరికిన స్టెతస్కోపు మెడలో వేసుకుని పక్క గేటుకి వెళ్ళాడు.

"డాక్టర్ని! స్టేజీ వెనక మేడమ్‌కి బీపీ పడిపోయిందట. నన్ను ఆపి ఆవిడకేమైనా అయితే నీదే పూచీ!"

కాపలావాడు కంగారుపడి అడ్డుకర్ర ఎత్తేశాడు.

లోపల చప్పట్లు మోగుతున్నాయి. శాస్త్రవేత్త వేదిక మెట్లెక్కుతోంది. నెరిసిన జుట్టు, ముతక చీర, చేతిలో కళ్ళజోడు. ముందు వరసలో పెద్దాయన, ఆయన పక్కనే సీతాకోక. వేదిక మీద హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న మైకు కుర్రాడిలా ఒకడు వినయంగా వంగి ఆవిడ వైపు నడుస్తున్నాడు. హెడ్‌ఫోన్స్ అంచు కింద చీలిన చెవి తమ్మె కనబడుతోంది.

"ఒక్క నిమిషం మేడమ్, మైకు పెడతాను." వాడి వేళ్ళు ఆవిడ భుజం మీది చీర అంచు దాకా వచ్చాయి.

గడియారం కేక వేయలేదు. వేస్తే వాడి చెయ్యి ఇంకా తొందరపడుతుంది. నడవాలోంచి ఒక్క ఉరుకులో వేదిక మీదకి దూకి, వాడి మణికట్టు దొరకబుచ్చుకుని మెలితిప్పాడు. సూది ఆవిడ మెడకి వెంట్రుకవాసి దూరంలో పక్కకి తిరిగి, ఉపన్యాస బల్ల మీద పరిచిన గుడ్డలో దిగబడింది. గుడ్డ మీద పసుపురంగు మరక మెల్లగా పాకింది. వాడు మోకాలితో పొట్టలో పొడిచాడు. గడియారం పట్టు వదల్లేదు. ఇద్దరూ కలిసి మెట్ల మీదుగా కిందకి దొర్లారు. సెక్యూరిటీవాళ్ళు మీద పడ్డాక గానీ గడియారం వేళ్ళు వాడి మణికట్టుని వదిలిపెట్టలేదు.

సీతాకోక అప్పటికే లేచి, స్కార్ఫ్ సర్దుకుంటూ పక్క తలుపు వైపు నడుస్తోంది. ఆ తలుపుకి అడ్డంగా పెద్దాయన నిలబడ్డాడు. ఏం జరిగిందో ఆయనకింకా పూర్తిగా తెలియదు. ఆవిడ పారిపోతోందని మాత్రం తెలిసింది. అది చాలు.

గడియారం కుంటుకుంటూ దగ్గరికొచ్చాడు.

"అన్ని చోట్లా తుడిచాను" అంది సీతాకోక. నవ్వు మాయం కాలేదు గానీ, ముత్యాలు వణుకుతున్నాయి. "ఎక్కడ దొరికిపోయాను?"

"నీ చేతివాటం పట్టిచ్చింది" అన్నాడు గడియారం.

పెద్దాయన వైపు తిరిగాడు. "ఆ డ్రైవర్ని వదిలేయమని చెప్పండి సర్. క్షమాపణ కూడా మీరే చెప్పండి."

* * *

హాస్పిటల్‌కి తిరిగొచ్చేసరికి బావ కళ్ళు తెరిచాడని నర్సు చెప్పింది. ఎడమచేతి వేళ్ళు మాత్రం ఇంకా కదలడం లేదట.

చెల్లెలు ఐసీయూ తలుపు దగ్గరకొచ్చింది. "ఆవిడ క్షేమమేనా?"

"క్షేమం."

"మంచిది." ఆమె తలుపు రెక్క మీంచి చెయ్యి తీయలేదు. "నువ్వు లోపలికి రావద్దు అన్నయ్యా. ఆయన నిన్ను చూస్తే నవ్వుతూ 'బొమ్మ పనికొచ్చిందా' అని అడుగుతారు. అది నేను చూడలేను. ఇవాళ కాదు."

తలుపు మూసుకుంది.

గడియారం వరండాలో బెంచీ మీద కూలబడ్డాడు. ఒళ్ళంతా నొప్పులు. పెద్దాయన నుంచి వచ్చిన ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. ఎంతసేపు అలా కూర్చున్నాడో, ఎవరో భుజం తట్టారు. చేతిలో మందుల సంచితో ఒక ముసలావిడ, అతని తెల్లకోటు వైపు ఆశగా చూస్తోంది.

"డాక్టరుగారూ, లోపల మావాడికి ఎలా ఉందో కాస్త చూసి చెప్తారా?"

గడియారం మూసి ఉన్న తలుపు వైపు చూశాడు.

"నన్నే లోపలికి రానివ్వట్లేదమ్మా" అన్నాడు.